పళ్ళ డాక్టరు ఎక్కితే పడుకునే ముళ్ళు

"షార్టు! లోపల షార్టుంది!" అని కారు డాష్‌బోర్డు కింద నుంచి చిన్నల్లుడు అరిచాడు.

అరిచినవాడి తల కారులో ఉంది, కాళ్ళు వీధిలో ఉన్నాయి. షెడ్డు రెండో సగంలో పెద్దల్లుడి కుట్టుమిషను గడగడలాడుతోంది. ఆ గడగడలో పడి మాటకున్న దీర్ఘం ఎక్కడో రాలిపోయింది. గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారి చెవిని చేరేసరికి అది కాస్తా షర్టయింది.

"షర్టా? ఎవరిదీ?" అంది అత్తగారు.

"నా కారులో షర్టేంటండీ!" అంటూ కారు సొంతదారు, డ్రైవింగ్ స్కూలు టీచరమ్మ, బెంచీ మీద నుంచి లేచింది. ఆమె పక్కన కూర్చున్న శిష్యుడు, వృత్తికి పళ్ళ డాక్టరు, ఎందుకైనా మంచిదని తన చొక్కా బొత్తాలు ఒకసారి తడుముకున్నాడు. పక్క కొట్లోంచి టైర్లాయన తల బయటికి పెట్టి, "గళ్ళదా, చారలదా?" అని ఆరా తీశాడు.

పెద్దల్లుడు మిషను ఆపాడు. "షర్టులు నేను కుట్టను కదత్తయ్యా, సీట్లేగా కుట్టేది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

చిన్నల్లుడు విసురుగా తల బయటికి లాగాడు. ఆ విసురుకి స్టీరింగు తగిలి నుదుటి మీద బొప్పి లేచింది.

"షర్టు కాదు మహాప్రభో, షార్టు! కరెంటు తన దారిన తాను పోకుండా అడ్డదారిన ఇనుములోకి దూకితే వచ్చే షార్టు! ఇక్కడ నేను విప్పాల్సింది చొక్కా కాదు, చిక్కు!"

"ఓ, అదా! ఆ ముక్క నింపాదిగా చెప్పొచ్చుగా" అంది అత్తగారు.

"అయితే దొరికిందన్నమాట" అంది టీచరమ్మ.

"ఉందన్నానండీ. దొరికిందన్లేదు."

"ఉన్నది దొరక్కపోవడమేంటి? పెట్టినవాళ్ళకి తెలీదా, ఎక్కడ పెట్టారో?"

ఆ మాటకి చిన్నల్లుడికి బొప్పి కన్నా ఎక్కువ మండింది.

నిజానికి అతనిది మామూలుగానే మండే ఒళ్ళు. కార్ల కరెంటు పనిచేస్తాడు గనక, చీటికీ మాటికీ ఎగిరిపోతాడు గనక వీధంతా అతన్ని ఫ్యూజు అనే పిలుస్తుంది. కానీ ఇవాళ్టి మంట న్యాయమైన మంట. కారణం లేకుండా ఏ దీపమూ వెలగదనీ, కారణం లేకుండా ఏ దీపమూ ఆరదనీ నమ్మి బతికే మనిషి. అలాంటివాడి మీద కారణం చూడకుండానే నింద వేస్తే ఎలా ఊరుకుంటాడు?

షెడ్డు అత్తగారిది. మామగారు కట్టించి ఆవిడ పేరున పెట్టి పోయాడు. అందులో ఒక సగం పెద్దల్లుడిది. కార్ల సీట్లకీ, డోర్లకీ, డాష్‌బోర్డులకీ రెక్సిన్ కుడతాడు. రెండో సగం చిన్నల్లుడిది. పైన బోర్డు మీద 'సీటూ మీటరూ' అని ఉంటుంది. పేరు పెట్టింది చిన్నల్లుడే. సీటు ముందుండాలా, మీటరు ముందుండాలా అని పేచీ వచ్చినప్పుడు, "కూర్చున్నాకే కదా చూసేది" అని అత్తగారు తేల్చేసింది. ఆవిడ తీర్పులన్నీ అలాగే ఉంటాయి. వినడానికి ముచ్చటగా ఉంటాయి, ఓడేది మాత్రం చిన్నల్లుడే.

ఇక టీచరమ్మ కారు. అది ఎంత పాతదంటే, కొత్తగా ఉన్నప్పుడు దాన్ని చూసినవాళ్ళు ఇప్పుడు కళ్ళజోడు లేకుండా దేన్నీ చూడలేరు. డ్రైవింగ్ నేర్పే బండి గనక పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. ఎండకి డాష్‌బోర్డు బీటలు వారిందని ఆమె ఆ కారుని ఈ షెడ్డుకి తెచ్చింది. పెద్దల్లుడు కొత్త రెక్సిన్ తొడిగాడు. అతను పాతది ఊడదీసి ఉండగానే మీటర్ల వెనక ఆరిపోయిన దీపాలు తీసి చిన్నల్లుడు కొత్తవి వేశాడు. టీచరమ్మ ఇద్దర్నీ మెచ్చుకునే వెళ్ళింది.

రోగం ఆ తర్వాత మొదలైంది. బండి పోతూ పోతూ ఉండగా పెట్రోలు ముల్లు, ఇంజను వేడి చూపించే ముల్లు, రెండూ ఒక్కసారిగా వెల్లకిలా పడుకునేవి. వాటితోపాటు ఇండికేటర్లూ ఆరిపోయేవి. స్పీడు ముల్లొక్కటే నిలబడేది. దానికి కరెంటుతో సంబంధం లేదు, గేరుబాక్సు నుంచి వచ్చే తీగే దాన్ని తిప్పుతుంది. నిన్న లైసెన్సు పరీక్షలో, టీచరమ్మ పక్కసీట్లో ఉండగా, ఒక నర్సమ్మ మలుపు దగ్గర ఇండికేటరు వేస్తే అది వెలగలేదు. పరీక్ష పెట్టే ఆఫీసరు వెనక కుర్చీ వేసుకుని చూస్తూనే ఉన్నాడు. ఫెయిలన్నాడు. నర్సమ్మ ఏడ్చింది. టీచరమ్మ ఏడవలేదు. పొద్దున్నే వచ్చి, కారు వీధి మధ్యలో ఆపి, కిందికి దిగి మరీ అరిచింది.

"బల్బులు వెయ్యమంటే బండికే చిల్లు పెట్టారు! ఈ షెడ్డుకి మీటరు అప్పజెబితే ఇంటికి తిరిగొచ్చేది సీటొక్కటే!"

హెడ్‌లైట్లు చూపించుకుందామని అప్పుడే వచ్చిన వ్యానొకటి ఆ మాట విని అట్నించటే వెళ్ళిపోయింది. అత్తగారు వ్యాను వెళ్ళిన వైపే కాసేపు చూసి, తర్వాత చిన్నల్లుడి వైపు తిరిగింది.

"చూడండి అల్లుడుగారూ" అంది. ఆవిడ నోట గారు వచ్చిందంటే గాలిదుమారం వచ్చినట్టే. "ఎవరి పని వల్ల షెడ్డు పేరు పోతే వాళ్ళ సామాను షెడ్డులో ఉండదు. టైర్లాయన సగం షెడ్డు అడుగుతూనే ఉన్నాడు. సాయంత్రం ఈ డాక్టరుగారి పరీక్ష ఉందట. ఈలోగా తేలిపోవాలి."

"తేలకముందే నా వైపు చూస్తారేంటత్తయ్యా? ఆ డాష్‌బోర్డు మీద పడింది నా చెయ్యొక్కటేనా?"

"పోయింది కరెంటు. కరెంటు మనిషెవరు? గుడ్డ ఎక్కడైనా షాకు కొడుతుందా?"

చిన్నల్లుడు గిర్రున తిరిగాడు. "అన్నయ్యా, నువ్వే చెప్పు. రెక్సిన్ తొడిగేటప్పుడు వైర్లేమన్నా ముట్టుకున్నావా?"

"ఒట్టు తమ్ముడూ, ముట్టుకోలేదు" అన్నాడు పెద్దల్లుడు. అబద్ధమాడే మనిషి కాదు. ఆ సంగతి వీధికంతా తెలుసు, చిన్నల్లుడికీ తెలుసు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది. తోడల్లుడు మరో ముక్క కలిపితే బాగుండేది. మా తమ్ముడి పని అలా ఉండదత్తయ్యా అనొచ్చు కదా. అనలేదు. సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడు.

అదీ పొద్దుటి కథ. ఇప్పుడు షార్టు ఉందని తేలింది, ఎక్కడుందో తేలలేదు.

చిన్నల్లుడు ఫ్యూజుపెట్టె తెరిచాడు. మీటర్లకీ ఇండికేటర్లకీ కలిపి ఉన్న ఫ్యూజు మాడి మసైపోయింది. కొత్తది వేసి తాళం తిప్పాడు. ముళ్ళు రెండూ బద్ధకంగా లేచి నిలబడ్డాయి. ఇండికేటరు వేస్తే టిక్కు టిక్కుమంది. కారు తీసుకుని వీధి చుట్టి వచ్చాడు. గుంట కనిపిస్తే తప్పించలేదు, వెతికి మరీ దింపాడు. గతుకు కనిపిస్తే అతికినట్టు దాని మీదుగానే పోయాడు. ముళ్ళు కదిలితే ఒట్టు.

"ఇదిగో!" అన్నాడు షెడ్డు ముందు దిగుతూ. "బండి బంగారంలా ఉంది."

"ఏదీ, చూస్తాం" అని టీచరమ్మ పళ్ళ డాక్టర్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని బయల్దేరింది. కాసేపటికి కారు కుంటుకుంటూ వచ్చింది. ముళ్ళు రెండూ పడుకుని ఉన్నాయి. ఫ్యూజు మాడిపోయి ఉంది.

"బంగారం కరిగిపోయిందండీ" అంది టీచరమ్మ.

మళ్ళీ ఫ్యూజు. మళ్ళీ చిన్నల్లుడు నడిపితే బాగుంది. మళ్ళీ వాళ్ళు నడిపితే పోయింది.

"నేను నడిపితే పోవట్లేదు మేడం. మీరు నడిపిస్తే పోతోంది. మరి రోగం బండిదంటారా?"

"అంటే మాదంటారా?"

"కస్టమరుతో అలాగేనా మాట్లాడేది?" అంది అత్తగారు.

"నాతో మాత్రం ఎలాగైనా మాట్లాడొచ్చు! నేను కస్టమర్ని కాదుగా, అల్లుణ్ణేగా!"

ఆ మాట అనేసి పక్కకి తిరిగేసరికి టైర్లాయన షెడ్డులో కనిపించాడు. చేతిలో కొలతల టేపు ఉంది. దాని ఒక కొస చిన్నల్లుడి పనిబల్ల కాలికి తగిలించి, రెండో కొస గోడదాకా లాక్కుపోతున్నాడు.

"ఏంటిది?"

"ఏం లేదు ఫ్యూజన్నా. ఊరికే. కొలత తెలిసుంటే మంచిది కదా అని."

"మనిషి ఉండగానే కొలతలు తీస్తారా? నాక్కూడా తియ్యండి, పెట్టె చేయిద్దురుగాని!"

టేపు సర్రుమని చుట్టుకుపోయింది. టైర్లాయన గుమ్మందాకా వెళ్ళాడు గానీ గుమ్మం దాటలేదు. చిన్నల్లుడు తన సగం షెడ్డుని కలయజూశాడు. ఈ పనిబల్ల తను చేయించుకున్నది. ఆ గోడ మీది మేకులు తను కొట్టినవి. ఒక్కో మేకుకి ఒక్కో రంగు వైరు చుట్ట వేలాడుతోంది, కళ్ళు మూసుకుని అడిగినా ఏది ఎక్కడుందో చెప్పగలడు. దాన్నంతా సాయంత్రం ఒక బస్తాలో కూరి ఎక్కడికి పట్టుకుపోవాలి? అసలు ఎందుకు పట్టుకుపోవాలి? తను చెయ్యని తప్పుకా?

అప్పుడు ఫ్యూజు వెయ్యడం మానేసి దాని చోట బల్బు పెట్టాడు.

కరెంటు పనివాళ్ళు షార్టుని పట్టడానికి చేసే పనే అది. ఫ్యూజుదేముంది, షార్టు రాగానే మాడి చస్తుంది. ఎప్పుడు చచ్చిందో ఎందుకు చచ్చిందో చెప్పదు. బల్బు చావదు. అన్నీ సవ్యంగా ఉన్నంతసేపూ మినుకుమినుకుమంటూ ఉంటుంది. షార్టు తగిలిన క్షణాన మాత్రం భగ్గుమంటుంది. "నాకు చచ్చిన సాక్షి వద్దు, వెలిగే సాక్షి కావాలి" అని అందరికీ వినిపించేలా చెప్పి, తాళం తిప్పాడు. బల్బు మినుకుమంది.

"ముందు నా బల్బులే పీకుతున్నాను. అందరూ చూడండి. డాక్టరుగారూ, మీరు పీకేవాళ్ళు, మీరు దగ్గరికొచ్చి చూడండి." మీటర్ల వెనక తను వేసిన దీపాలన్నీ పీకి ఒళ్ళో వేసుకున్నాడు. సాక్షి బల్బు మినుకు మినుకే. తిరిగి పెట్టాడు. అప్పుడూ అంతే. ఇండికేటర్లని టిక్కుమనిపించే రిలే కదిపాడు, తాళం దగ్గరి జాయింట్లు గుంజాడు, స్టీరింగు కింది వైర్లు ఊపాడు. భగ్గుమనదు.

"అంటే షార్టు లేదన్నమాట" అంది అత్తగారు.

"ఉంది!"

"ఎక్కడా?"

"ఇప్పుడు లేదు!"

"ఉందంటారు, లేదంటారు. ఇందాక షర్టన్నారు."

"నేను షర్టన్లేదు!"

"సెలవు మీద వెళ్ళిందేమోలే" అన్నాడు గుమ్మంలోంచి టైర్లాయన.

పెద్దల్లుడు అప్పుడు మెల్లగా నోరు తెరిచాడు. "నువ్వొక్కడివీ పోయినప్పుడు పక్కసీటు ఖాళీ కదా తమ్ముడూ. సీటు మీద మనిషి పడితే ఒక తీరు, పడకపోతే ఒక తీరు."

"ఇది సీటు కాదన్నయ్యా, మీటరు!" అని కసిరాడు చిన్నల్లుడు. కసిరాక ఆగాడు. ఆలోచించాడు. కసిరినందుకు నొచ్చుకోలేదు గానీ, ఆ మాటలో పస ఉందని మాత్రం ఒప్పుకున్నాడు, లోపల్లోపలే.

"సరే. ముళ్ళు పడిపోయినప్పుడు బండిలో ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో వాళ్ళే అక్కడక్కడే కూర్చోండి. డాక్టరుగారూ, స్టీరింగు మీది. మేడం, మీ సీటు మీది. అత్తయ్యా, మీరు వెనక నా పక్కన. అన్నయ్యా, నువ్వూ ఎక్కు. నా తప్పో కాదో అందరి కళ్ళ ముందే తేలాలి."

బల్బుకి పొడుగాటి వైర్లు తగిలించి వెనక సీటుదాకా లాగి అత్తగారి ఒళ్ళో పెట్టాడు.

"కాలుతుందా?" అంది ఆవిడ.

"వెలిగితే కాలుతుంది."

"ఎవరికీ?"

"తప్పు చేసినవాళ్ళకి."

పళ్ళ డాక్టరు నడపడం అంటే అదొక వైద్యం. రోజంతా ఆయన కాలి కింద పన్ను తొలిచే మిషను పెడలు ఉంటుంది. ఒక్కసారి నొక్కాలి, వదలాలి, నోట్లోకి చూడాలి, మళ్ళీ నొక్కాలి. కారు యాక్సిలరేటర్ని కూడా ఆయన సరిగ్గా అలాగే నొక్కుతాడు. దాంతో బండి ముందుకి పోవడం లేదు, ఉలిక్కి ఉలిక్కి పడుతోంది. నొక్కినప్పుడల్లా ఆయన అలవాటు కొద్దీ "అయిపోయింది, అయిపోయింది, కొంచెం ఓర్చుకోండి" అని మెల్లగా అంటున్నాడు. ఎవరితో అంటున్నాడో ఎవరికీ తెలీదు. ఓర్చుకుంటున్నది మాత్రం అందరూ.

మలుపు దగ్గర ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. డాక్టరు కంగారులో మిషను నొక్కినట్టు నొక్కాడు. టీచరమ్మ "బ్రేకు!" అని అరిచి తన బ్రేకు తనే తొక్కింది. అత్తగారి ఒళ్ళో బల్బు భగ్గున వెలిగింది.

"అమ్మో! వెలిగింది! వెలిగింది!" అని ఆవిడ కేక పెట్టింది. ముందున్న మీటర్లలో ముళ్ళు రెండూ పడుకున్నాయి.

బండి ఆగింది. టీచరమ్మ ఊపిరి వదిలి కాళ్ళు చాపుకుంది. బల్బు మళ్ళీ మినుకుకి దిగింది. ముళ్ళు మళ్ళీ లేచాయి.

"ఇంకోసారి పోనివ్వండి" అన్నాడు చిన్నల్లుడు. అతని గొంతు మొదటిసారి తగ్గింది. ముందు డాక్టరు కాలి మీద కన్నేశాడు. కాలు నొక్కినా బల్బు వెలగలేదు. కాలు నొక్కాక ఒక లిప్త ఆగి వెలిగింది. అంటే కాలు కాదు. కాలు చూసి బెదిరింది మరేదో. చూపు పక్కసీటుకి తిప్పాడు. బండి ఎగిరిపడ్డప్పుడల్లా టీచరమ్మ ఒక మోకాలు పైకెత్తి డాష్‌బోర్డు అడుగుకి గట్టిగా ఆనించి, తనని తాను నిలబెట్టుకుంటోంది.

"మేడం, మీ మోకాలు."

"నా మోకాలితో మీకేం పని?"

"దాంతోనే పనంతా! కిందికి దించండి. ఊఁ. ఇప్పుడు పైకి ఆనించండి."

"ఊరికే ఆనించమంటే ఎలా? భయమేస్తే దానంతటదే పోయి ఆనుకుంటుంది."

"అయితే భయపడండి!"

డాక్టరు సాయం చేద్దామని ఒక్కసారి నొక్కాడు. మోకాలు లేచింది. బల్బు భగ్గుమంది. అత్తగారు కేకేసింది. మోకాలు దిగింది. బల్బు తగ్గింది. ఇంకెవరికీ అనుమానం మిగల్లేదు.

బండి పక్కకి తీయించి, చిన్నల్లుడు పక్కసీటు ముందు నేల మీద కూలబడి డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాడు. అక్కడ ఒక వైర్ల కట్ట వేలాడుతూ ఉండాలి. అలా వేలాడేలా వదిలింది తనే. రేపు ఏదన్నా పని పడితే చేతికి అందాలని ఎప్పుడూ కాస్త వదులుగానే వదులుతాడు. చేతికి కట్ట తగల్లేదు. నున్నగా, మెత్తగా, పద్ధతిగా ఒక కుట్టు తగిలింది. టార్చి వేసి చూశాడు. వైర్ల కట్ట స్పాంజిలో ఒద్దికగా ఒదిగి ఉంది. దాని మీద రెక్సిన్ మడత. ఆ మడత పొడుగునా జానెడు జానెడు దూరంలో ఒకే కొలత కుట్లు. చివర, దారం ఆగని చోట, సీటు రెక్సిన్ని కింది కమ్మీకి బిగించడానికి వాడే ఇనప రింగొకటి వైర్లన్నిటినీ కలిపి డాష్‌బోర్డు కమ్మీకి కరుచుకుని ఉంది. రింగు కొస ఎర్రవైరు తోలులోకి దిగింది. మోకాలు ఆనినప్పుడల్లా ఆ కొస రాగిని తాకుతోంది. రాగిలోని కరెంటు రింగులోంచి కమ్మీలోకి, కమ్మీలోంచి బండి ఒంట్లోకి పారిపోతోంది.

"ఎవరు కుట్టారిది?" అన్నాడు. అడగాల్సిన పని లేదు. ఆ షెడ్డులో సూది పట్టే చెయ్యి ఒక్కటే.

"నేనే" అన్నాడు పెద్దల్లుడు వెనక సీట్లోంచి, కాస్త గర్వంగానే. "బాగుంది కదూ? వైర్లు బొత్తిగా వేలాడుతున్నాయి తమ్ముడూ. మేడం కాళ్ళకి తగులుకుంటాయని అంచు మడిచి కుట్టేశాను. కూలి కూడా అడగలేదు."

"ముట్టుకోలేదని ఒట్టేశావు!"

"ముట్టుకోలేదుగా. కుట్టాను."

"రెండూ ఒకటి కాదా?"

"ఎలా ఒకటవుతాయి? ముట్టుకోవడమంటే విప్పడం, కలపడం, టేపు చుట్టడం. అవి నీ పనులు. నీ పనిలో నేనెప్పుడన్నా వేలు పెట్టానా? కుట్టడం నా పని. నా పని నేను చేశాను."

"కుట్ర!"

"కుట్ర కాదు తమ్ముడూ, కుట్టు" అన్నాడు పెద్దల్లుడు. ఈసారి గర్వం లేదు. టార్చి వెలుగులో ఎర్రవైరు మీది గాటు అతనికీ కనిపించింది. కుట్టుపనిలో అతను ఇంతవరకూ దేన్నీ చింపలేదు.

"మరి వేలాడదీసిందెవరో?" అంది అత్తగారు.

"వేలాడితే చావవు అత్తయ్యా! కుడితే చచ్చాయి!"

చిన్నల్లుడు పట్టకారుతో రింగు విప్పాడు. కుట్లు కోశాడు. కోసేటప్పుడు మాత్రం, తిడుతూనే, రెక్సిన్ చిరక్కుండా కోశాడు. గాటు పడ్డ వైరుకి నల్లటేపు చుట్టి, కట్టని కమ్మీకి దూరంగా జరిపి ప్లాస్టిక్ పట్టీతో బిగించాడు. టీచరమ్మ మోకాలితో పొడిచింది, తన్నింది, రెండు మోకాళ్ళూ కలిపి నెట్టింది. బల్బు మినుకు మినుకే. బల్బు తీసి ఫ్యూజు వేశాడు. డాక్టరు ఉలికిపాట్లతోనే బండిని షెడ్డు వైపు తిప్పాడు. ముళ్ళు నిటారుగా నిలబడే ఉన్నాయి.

"దొరికింది కదా, పోన్లెండి" అంది అత్తగారు దార్లో. ఈసారి గారు లేదు, గొంతులో చక్కెర ఉంది. "ఇంటి విషయం. ఇంట్లోనే సర్దుకుందాం. ఎవరికీ చెప్పక్కర్లేదు."

అంతే. చిన్నల్లుడు మళ్ళీ ఎగిరిపోయాడు.

"నింద వేసేటప్పుడు వీధి, సర్దుకునేటప్పుడు ఇల్లూనా? పొద్దున మేడం ఎక్కడ నిలబడి అరిచారు? నడివీధిలో! మీరెక్కడ కూర్చుని తీర్పు చెప్పారు? గుమ్మంలో! టైర్లాయన నా బల్లకి టేపు పెట్టి కొలిచాడత్తయ్యా! ఆ కొలిచింది ఎవరు వెనక్కి తీసుకుంటారు?"

అత్తగారు పెద్దల్లుడి వైపు ఓరగా చూసి, "చెబితే మరి, పొద్దుటి మాట ప్రకారం..." అని ఆగింది.

ఆ ఆగిన మాట ఏమిటో అందరికీ అర్థమైంది. ఎవరి పని వల్ల పేరు పోతే వాళ్ళ సామాను. పెద్దల్లుడు తల దించుకుని, చేతిలో వంకర తిరిగిన రింగుని తిప్పుతున్నాడు.

"ఏం ప్రకారం?" అన్నాడు చిన్నల్లుడు. గొంతు ఇందాకటి కన్నా పెరిగింది. "అదొక ప్రకారమా? పొద్దున నన్ను గెంటెయ్యాలి, మధ్యాహ్నం ఆయన్ని గెంటెయ్యాలి, సాయంత్రానికి షెడ్డులో టైర్లు దొర్లుతుండాలి! అన్నయ్య వైర్లని గుడ్డనుకున్నాడు. గుడ్డనుకుని కుట్టాడు. ఆయన చేసింది తెలివితక్కువ పని, నిక్షేపంగా తెలివితక్కువ పని, ఆ మాట నేనే అంటా, రోజూ అంటా! కానీ ఆయన సామాను కదిలితే నా సామానూ కదులుతుంది. ఆయన ఏం చేశాడో బయటికి చెప్పాలి. చెప్పి ఊరుకోవాలి. నాక్కావలసింది అంతే. నేను చెయ్యలేదని చెప్పాలి!"

"నేను చెబుతాను తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు. "నా కుట్టు నేనే విప్పాలి."

షెడ్డు ముందు బెంచీ నిండా జనం ఉన్నారు. సాయంత్రం పరీక్షకి వెళ్ళాల్సిన శిష్యులు, నిన్న ఫెయిలైన నర్సమ్మ, ఊరికే నిలబడ్డవాళ్ళు ఒకరిద్దరు. టైర్లాయన గుమ్మంలోనే ఉన్నాడు. కారు ఆగగానే చిన్నల్లుడు ముందు దిగి, బానెట్టు మీద అరచేత్తో చరిచాడు.

"అందరూ ఇటు రండి! పొద్దున విన్నారు కదా, ఇప్పుడు కూడా వినాలి! వినకుండా ఎవరూ పోకూడదు!"

పెద్దల్లుడు దిగి రింగుని అందరికీ కనిపించేలా పైకెత్తాడు. పదిమందిలో మాట్లాడే అలవాటు లేదు. గొంతు సవరించుకుని, ముందుగా నర్సమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నిన్న మీరు ఇండికేటరు వేశారు. సరిగ్గానే వేశారు. దాన్ని ఆర్పింది ఈ రింగు. ఇది సీట్లకి వేసే రింగు. నేను వైర్లకి వేశాను. టీచరమ్మగారు భయపడి మోకాలు ఆనించినప్పుడల్లా ఇది వైరుని కొరికింది. వైరు కొరుకుడు పడితే ఫ్యూజు మాడింది. మా తమ్ముడు వేసిన బల్బులకీ దీనికీ సంబంధం లేదు. ఆయన వేసినవి వేసినట్టే వెలుగుతున్నాయి."

"మరి ఇందాక ముట్టుకోలేదన్నావుగా?" అన్నాడు టైర్లాయన.

"ముట్టుకోవడం వేరు, కుట్టడం వేరు అనుకున్నాను. రెండూ ఒకటేనని ఇవాళ తెలిసింది."

నర్సమ్మ రింగు చేతిలోకి తీసుకుని, సూదులు చూసే అలవాటున్న కళ్ళతో దాని కొస తిప్పి తిప్పి చూసింది. "ఆ ఆఫీసరుకి కూడా చెబుతారా?" అంది.

"నేను తీసుకెళ్ళి చెప్పిస్తానమ్మా" అంది టీచరమ్మ. తర్వాత చిన్నల్లుడి వైపు తిరిగి, "పొద్దున అరిచింది నేను. తప్పు మీది కాదు" అంది. నిలబడింది కూడా పొద్దున అరిచిన నడివీధిలోనే. చిన్నల్లుడు ఆ సంగతి గమనించాడు.

"అత్తయ్యా, మీరు?"

"నేనేమన్నానని?"

"ఏమన్నారో పొద్దున వీధంతా విన్నది!"

అత్తగారు పైట సర్దుకుంది. టైర్లాయన్ని చూసింది, బెంచీని చూసింది. "గుడ్డ కూడా షాకు కొడుతుందని నాకేం తెలుసు?" అంది విసుగ్గా. తర్వాత గొంతు పెంచి, "చిన్నల్లుడి తప్పేం లేదయ్యా. చూడకుండా అన్నాను. ఎవరి సామానూ ఎక్కడికీ కదలదు. ఇక్కడ కొలవడానికేం లేదు, ఎవరి కొట్టుకి వాళ్ళు వెళ్ళండి" అని ముగించింది.

అప్పుడే సైకిలు మీద వస్తున్న ఒకాయన గుంపు చూసి కాలు కింద ఆనించి, "ఏమైందండీ ఇక్కడ?" అని అడిగాడు.

చిన్నల్లుడు పెద్దల్లుడి భుజం పట్టుకుని అటు తిప్పాడు.

"అన్నయ్యా, ఈయన వినలేదు. మొదట్నుంచి చెప్పు."

పెద్దల్లుడు నర్సమ్మ చేతిలోంచి రింగు తీసుకుని మళ్ళీ పైకెత్తాడు.

"డాష్‌బోర్డు కింద వైర్లు వేలాడుతున్నాయండీ..."